దర్వాజలో గండుచీమ, వాకిట కుక్కపిల్ల

మృగశిర వెళ్లి ఆరుద్ర కార్తె ప్రవేశించి రెండు మంచి వానలు పడిన పిదప, సూర్యాపేట పాత బజారులోని గూనపెంకుల యిండ్లలోను, కోదాడలో జాతీయ రహదారికి ఇరువైపుల ఇటీవల లేచిన మేడలలోను, మిర్యాలగూడలో రైసుమిల్లుల వెనుక వాడలలోను, ప్రాతఃకాలమున వాకిలి ఊడ్చు గృహిణి దర్వాజ పాదమున రంపపు పొట్టువంటి పొడి కుప్పగా పడియుండుట చూచి, చెదలు పట్టినవని గుండెలు బాదుకొనుట ఏటేట జరుగు వ్యవహారమే. ఆ సాయంకాలము పొలమునుండి వచ్చిన గృహస్థు, నిరుటి పైరుకు కొట్టగా మిగిలి కొట్టములో పడియున్న పురుగుమందు సీసాను వెదకి తెచ్చి, మోతాదు చూడక బకెట్టు నీటిలో కలిపి, దర్వాజకును గోడ మూలలకును చల్లి, పీడ విరగడయైనదని నిద్రించును. చీమలు కొలది దినములు కనుమరుగై మరల ప్రత్యక్షమగును. ఆలోపల ఆ తడినేలపై పండుకొనిన కుక్కపిల్లయో, దానిమీద నడచి పాదములు నాకుకొనిన పిల్లియో పశువైద్యశాల మెట్లెక్కవలసి వచ్చును. చీమపై ఎత్తిన అస్త్రము చీమను విడిచి ఇంటి మూగజీవమునకు తగులుచుండుటయు, అసలు నేరము చీమది గాక దర్వాజ క్రింద నిలిచిన నీటిది యగుటయు గ్రహించినచో ఈ సమస్యలో ముప్పాతిక తీరినట్లే.

ఇంతకును ఈ చీమ యెవరు? ప్రపంచమంతటను వెయ్యికి పైబడిన జాతులు గల కాంపొనోటస్ వర్గములోనిది. మన దేశమున సర్వత్ర కానవచ్చు నల్లని గండుచీమను 1787లోనే డెన్మార్కు దేశపు కీటకశాస్త్రజ్ఞుడు ఫాబ్రిసియస్ వర్ణించి శాస్త్రమునకు ఎక్కించెను. నేటి పండితులు దానిని కాంపొనోటస్ కంప్రెసస్ అందురు. ఒకే పుట్టలో పుట్టిన అక్కచెల్లెండ్రే అయినను కొన్ని చిన్నతలలతో సన్నగాను, కొన్ని పెద్దతలలతో, బలమైన దౌడలతో, ఒకటిన్నర సెంటీమీటరు పొడవునను ఉండును గనుక, మన యిండ్లలో రెండు జాతుల చీమలు వచ్చినవని భ్రమపడుట సహజము. శివుని యాజ్ఞ లేనిదే చీమయైనను కుట్టదని పెద్దలందురు గాని, ఈ గండుచీమకు ఆజ్ఞ లభించినను కుట్టుటకు కొండియే లేదు. అది దౌడలతో గట్టిగా కొరికి, ఆ గాయముమీద పొట్టకొననుండి ఫార్మిక్ ఆమ్లమును చిమ్మును. ఆ మంట మనుష్యునకు క్షణికము. కుక్కపిల్ల ముక్కునకు మాత్రము కొంతసేపటి గుణపాఠము.

పాశ్చాత్యులు దీనికి వడ్రంగి చీమయని పేరు పెట్టిరి. ఆ పేరు విని ఇది కట్టె తినునని భావించుట పొరపాటు. చెదపురుగు కట్టెను తిని జీర్ణించుకొనును. గండుచీమకు ఆ శక్తి లేదు. అది కట్టెను తొలిచి, పొట్టును బయట పారవోసి, ఆ ఖాళీలో కాపురముండును; ఆహారమునకు మాత్రము బయటికి పోవలసినదే. మామిడిచెట్టు లేత చిగుళ్లపైనను, కానుగ కొమ్మలపైనను, తుమ్మచెట్టు ముండ్ల నడుమను రసము పీల్చు చిన్న పురుగులు విడుచు తీపిబంక దీనికి ప్రాణము. ఆ పురుగులను శత్రువులనుండి కాపాడుచు, బదులుగా ఆ బంకను పిండుకొనుచు, రాత్రియెల్ల చెట్టెక్కుచు దిగుచు నుండును. పైగా అమెరికా, ఐరోపా ఖండములలోని చల్లని దేశములందు కట్టె యిండ్లనే గుల్ల చేయు వడ్రంగి చీమల కీర్తి మన గండుచీమకు పూర్తిగా చెందదు. ఇక్కడిది ప్రధానముగా చెట్టు మొదటను, నాపబండల సందులందును, మట్టిలో పుట్ట పెట్టు జీవి. ఇంటి కట్టెలో చేరినదనగా, ఆ కట్టె అంతకుముందే నాని, మెత్తబడి, దాని దౌడలకు లొంగుస్థితికి వచ్చినదన్న మాట.

మిర్యాలగూడలో ఒక యింట దర్వాజ మార్చుచుండగా నేను దగ్గరనుండి చూచితిని. వృద్ధుడైన వడ్లాయన ఉలితో ఎడమ నిలువు పాదమును రెండుమారులు తట్టి, ఒక స్టీలు గ్లాసును కట్టెకు బోర్లించి దాని అడుగున చెవి యానించి, నన్నును వినుమనెను. లోపల ఎండుటాకులు నలిగినట్లు సన్నని గరగర. తరువాత ఉలిని జానెడెత్తున దింపి పెచ్చును లేపగా, సొరంగములు బయటపడినవి: గోడలు గరుకుకాగితముతో రుద్దినంత నునుపుగా నున్నవి, మట్టి యను మాట లేదు, అడుగున పొట్టుతోపాటు పురుగుల రెక్కలు, కాళ్లు, ఎండిన చీమల తలలు. చెదలైనచో ఆ సొరంగములు మట్టితో పూడి, గోడపై మట్టిగొట్టములు పాకియుండెడివి. ఇంటి కోడలు భయముతో, "తాతా, మిగిలిన దర్వాజలు గూడ తింటయా?" అని యడిగెను. ఆయన నవ్వి, "చీమలు కట్టె తినయ్ బిడ్డా. కట్టె కుళ్లింది, అందుకే అవి జొరబడ్డయ్. ఇగో చూడు, నీళ్లు ఏడికెళ్లి వస్తున్నయో గది జూసుకో ముందుగాల" అనుచు, పైనున్న చేవగల భాగమును చూపెను, అక్కడ చీమ గీత కూడ గీయలేదు.

ఈ సందర్భమున చీమపై పడు మరియొక అపవాదును గూడ తప్పింపవలసియున్నది. దూలములకు, వెదురు తడికెలకు వ్రేలు పట్టునంత గుండ్రని రంధ్రము పడి, క్రింద పసుపుపచ్చని పొట్టు రాలినచో, అది నల్లని పెద్ద తుమ్మెద పని. దానికిని చీమకును సంబంధము లేదు. అట్లే తొలకరి రాత్రి దీపము చుట్టు ముసరు ఉసిళ్లు చెదపురుగులవి. గండుచీమలును ఆ దినములందే రెక్కలు కట్టుకొని వెడలును గనుక రెండును కలిసిపోవును. నడుము సన్నగా నొక్కినట్లుండి, మీసములు మోచేయివలె వంగి, ముందురెక్కలు వెనుకరెక్కలకంటె పొడవైనచో చీమ. నడుము మొద్దుగా, మీసములు తిన్నగా, నాలుగు రెక్కలు సమానముగా నున్నచో చెద. చెదయే యైనచో ఈ వ్యాసము చాలదు. భారతీయ ప్రమాణముల సంస్థవారి ఐ.ఎస్. 6313 సూత్రముల ననుసరించి పని చేయువారిని పిలువవలెను.

వడ్లాయన అడిగిన ప్రశ్నకు, నీళ్లు ఎక్కడినుండి వచ్చుచున్నవను ప్రశ్నకు, ఈ మూడు పట్టణములలో సమాధానము కొంత చరిత్రలో నున్నది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరమునుండి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడువబడిన పిదప, జొన్నచేలును మెట్టపైరులును ఉండిన మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల రూపమే మారినది; ఎడమ కాలువ పారినమేర వరి వచ్చినది, వరితో మిల్లులు వచ్చినవి, మిల్లులతో మేడలు వచ్చినవి. సూర్యాపేటవైపు మూసీ నీరును అట్టి పనియే చేసెను. పొలము తడిసిన చోట భూమిలో నీటిమట్టము పైకి వచ్చును. పునాదికి నెమ్మును అడ్డగించు పొర వేయక కట్టిన గోడలు ఆ నెమ్మును పీల్చును. గోడలో పాతిన దర్వాజ పాదము ఆ గోడనుండి పీల్చును. ఇది ప్రకృతి చేయు సగము. తక్కిన సగమును మనమే భక్తితో చేయుచున్నాము. ప్రతిదినము కడప కడిగి పసుపు రాసి బొట్లు పెట్టుట మన ఆచారము. ఆ కడిగిన నీరు కడపకును నిలువునకును నడుమ నున్న కీలులోనికి దిగి, సూర్యుడు చూడని ఆ చీకటిలో ఏండ్ల తరబడి నిలిచిపోవును. ఆచారమును మానుమని చెప్పుటకు నాకు నోరు రాదు గాని, చెంబెడు నీరు కుమ్మరించుటకు బదులు తడిగుడ్డతో తుడిచి పసుపు రాసినను లక్ష్మీదేవి వెనుకకు మరలదని నా నమ్మకము. స్నానపుగది తలుపుచట్రము, ఏసీ నీరు కారు గొట్టము దిగువ కిటికీ, గోడకానించి పెట్టిన పూలకుండీలు, వంటింటి గట్టు క్రింది ప్లైవుడ్ అలమర, ఇవియు తడి నిలుచు తావులే.

 

చీమల నివాసము ఇంటిలోనా, బయటనా యను సంగతి పగలు తేలదు. కోదాడలో మిత్రుని యింట మేము రాత్రి పదిగంటల తరువాత టార్చిలైటుకు ఎర్రని గాజుకాగితము చుట్టి కూర్చుంటిమి. ఎరుపు వెలుగు చీమల కంటికి ఇంచుమించు ఆనదు గనుక అవి బెదరవు. ఆ యింట టామీ యను నాటుకుక్కయు, పేరు పెట్టక ముందే ఇల్లాక్రమించిన ఒక బూడిదవన్నె పిల్లియు కలవు. టామీకి పెట్టిన పెరుగన్నము గిన్నెచుట్టు చీమలు తిరుగుచుండగా మిత్రుని తల్లి, "నేను జెప్పలే? దాని గిన్నె కడగక ఇడిసిపెడితే చీమలు రావా మరి?" అనెను. గిన్నెనుండి మెతుకు మోసికొనిపోవు చీమను వెంబడించితిమి. అది దర్వాజలోనికి పోలేదు. గోడ నెక్కి, కిటికీ చట్రము దాటి, కేబులు తీగపైకి పోయి, ఆ తీగమీదుగా ప్రహరీ నానుకొనియున్న మామిడికొమ్మను చేరెను. అక్కడినుండి దాని త్రోవ మొదటికి దిగి, చెట్టుచుట్టు పరచిన బండల సందులోనికి పోయెను. దర్వాజకు చల్లిన మందంతయు నిరర్థకమని ఆ రాత్రియే తేలినది. మరునాడు ఇంటిని తాకుచున్న కొమ్మ కొట్టించి, తీగను కొంచెము ఎడముగా లాగించి, గిన్నెను రాత్రి కడిగి బోర్లించుట ఆరంభింపగా, చీమల రాక గణనీయముగా తగ్గెను. చీమలు నడచిన బాటను సబ్బునీటితో తుడుచుట మరువరాదు. ఆ బాటపై అవి వదలిన వాసనగీత యున్నంతకాలము వెనుకటి చీమ ముందటి చీమ త్రోవనే పట్టును.

ఇక మందుల సంగతి. వరిసీమలో విషమునకు కొదువ లేదు. అదియే ఇచ్చటి ప్రత్యేకాపాయము. మొగిపురుగునకు చల్లు గుళికలు చూచుటకు ఇసుకరేణువులవలె నుండి, చీమల పుట్టలో పోయుటకు సులువని తోచును. కాని ఆ గుళికలు పడిన మెతుకు తిన్న కుక్క, ఆ నేల గీరిన కోడి నిలుచుట దుర్లభము. పాతతరమువారు గమాక్సిన్ పొడియని పిలిచి గడపలకు చల్లిన బి.హెచ్.సి.ని మన ప్రభుత్వము 1997లో నిషేధించెను. దాని బంధువైన లిండేన్ వాడుకయు 2013తో ముగిసెను. అటక మీద పాత డబ్బా యుండిన యెడల దానిని తెరువవద్దు. అంగట కొనిన చీమల సుద్ద అమాయకముగా కనబడును గాని, దానిలో నుండునది సాధారణముగా సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి సింథటిక్ పైరిత్రాయిడ్ మందు. గీచిన గీతమీద కుక్క పొర్లును, పసిబిడ్డ దానిని పలకమీద సుద్దయనుకొని చేతబట్టును. పైరిత్రాయిడ్లు మనుష్యునకును కుక్కకును కొంతవరకు సహ్యములే గాని, చేపలతొట్టికి మృత్యుసమానములు. పిల్లి విషయము మరింత విషమము: కొన్ని విషములను విడగొట్టి బయటికి పంపు శక్తి పిల్లి కాలేయమునకు మిక్కిలి తక్కువ. అందువలననే కుక్కల గోమార్లకు వీపున వేయు పెర్మెత్రిన్ చుక్కలు పిల్లికి పడినచో వణకును, మూర్ఛయు వచ్చును. కుక్కకు వేసిన మందు ఆరకముందే దానిని నాకిన పిల్లికిని అదే ప్రమాదము. మనము దినదినము నేల తుడుచు ఫినాయిలు వంటి ద్రవములును ఈ కారణముచేతనే పిల్లికి పడవు.

ప్రతి పురుగుమందు డబ్బాపైన నాలుగు రంగులలో ఒకటి గల గుర్తుండును: ఎరుపు అత్యంత విషము, తరువాత పసుపు, పిదప నీలము, చివర ఆకుపచ్చ. ఎరుపు, పసుపు గుర్తులు గలవానికి ఇంటి గడప లోపల చోటులేదు. ఇంత చెప్పినను జరుగరానిది జరిగి, కుక్క చొంగ కార్చుచు, వణకుచు, విరేచనములతో ఊపిరి యందక తూలుచున్నయెడల, కుంకుడురసమో, ఉప్పునీరో, చింతపండు పులుసో పోసి వాంతి చేయింపజూచుట మానవలెను. తెలివితప్పుచున్న జంతువునకు పోసిన ద్రవము ఊపిరితిత్తులలోనికి పోవును. ఒంటికి అంటిన మందును సబ్బునీటితో కడిగి, మందు సీసాను చేతబట్టుకొని పశువైద్యశాలకు పరుగెత్తవలెను. సీసా యెందుకనగా, పొలము మందులలో చాల వానికి, గుళికలలో కొన్నింటికిని, అట్రోపిన్ విరుగుడు. పైరిత్రాయిడ్లకు అది విరుగుడు కాదు. సీసా మీది పేరు చూడనిదే వైద్యుడు ఊహించి చేయవలసియుండును. పాడిపశువునకు ఇట్టి ఆపద వచ్చినచో సంచార పశువైద్య వాహనమును 1962 నంబరునకు ఫోను చేసి పిలువవచ్చును.

చీమలనే మరి ఏమి చేయవలెను? పైకి కనబడు చీమను చంపుటవలన ప్రయోజనము స్వల్పము. ఆహారమునకు బయలుదేరునవి కొన్నియే, రాణియు, పిల్లలును, తక్కిన పరివారమును లోపలనే యుండును. ఈ చీమల సంఘజీవనము ఆశ్చర్యకరము. 2024లో జర్మనీలోని వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఫ్లోరిడా వడ్రంగి చీమలు తొడకు గాయమైన తోడిచీమ కాలిని కొరికి వేరుచేసి, ఆ శస్త్రచికిత్సచే దాని ప్రాణము నిలుపుచున్నవని ప్రకటించిరి. అట్టి ఆప్యాయతయే వీని బలహీనత గూడ నగును: బయట త్రాగిన తీపిని ఇంటికి తెచ్చి నోటినుండి నోటికి పంచుకొనును. కావున నెమ్మదిగా పనిచేయు పలుచని విషమును తీపిలో కలిపి త్రాగించినచో, చీమయే దానిని రాణి నోటిదాక మోసికొనిపోవును.

దానికి బోరిక్ పౌడరు చాలును. క్యారమ్ ఆడువారికి ఇది చిరపరిచితమే గాని, ఆటపొడి పేర అమ్మునవన్నియు బోరిక్ కాకపోవచ్చును. మందుల దుకాణములో పేరడిగి కొనవలెను. అర లీటరు నీటికి సమముగా గీచిన ఒక చిన్న చెంచా పొడియు, గుప్పెడు పంచదారయు వేసి, గోరువెచ్చగా కరగించినచో సుమారు ఒక శాతపు ద్రావణము సిద్ధించును. మనవారికి మందనగానే చిక్కగా నుండవలెనను పట్టుదల కలదు. ఇక్కడ అది చేటు. చిక్కనైనకొలది చీమ దారిలోనే చచ్చును, లేక రుచి చూచి మరలిపోవును. దూదిని ఈ నీటిలో తడిపి, మూతకు చీమ పట్టునంత రంధ్రములు చేసిన మాత్రల డబ్బాలో నుంచి, ఆ డబ్బాను జానెడు పీవీసీ గొట్టములో దూర్చి, రెండు కొసలను మూసి, ఆ మూతలకును చీమ దూరునంత రంధ్రములు చేసి, చీమల బాటనానించి ఎత్తున బిగింపవలెను. సజ్జమీద పెట్టితిమి గదా యని ధీమాగా నుండరాదు. సజ్జకు దారి పిల్లికి మనకంటె బాగుగ తెలియును. బోరిక్ పౌడరు నిరపాయమను పుకారును నమ్మరాదు. పొడిగా పళ్లెములో పోసి వదలిన యెడల నాకిన కుక్కకు వాంతులు తప్పవు. మన యెండలకు తీపినీరు రెండు మూడు దినములకే పులియును, మార్చుచుండవలెను. ఆ చుట్టుప్రక్కల సుద్ద గీయుట, స్ప్రే కొట్టుట పనికిరాదు. విందుకు పిలిచి వాకిట కర్రపట్టుకొని నిలుచుండుట ఎట్టి మర్యాదయో ఇదియు అంతే. మొదట చీమలు గుంపులుగా మూగును. అది చూచి బెదరి తుడిచివేయువారే ఎక్కువ. ఓపిక పట్టినచో కొన్ని వారములలో రాక పలుచబడును.

కుళ్లిన పాదము గల దర్వాజకు మాత్రము వడ్లాయనయే వైద్యుడు. చేవ తగులువరకు పాడైన భాగమును కోసివేసి, నేలకు రెండంగుళములెత్తు రాతిదిమ్మెపై కొత్తకట్టె అతుకు నిలిపి, కీలుకు రంగు నిండుగా పట్టించుట ఈ ప్రాంతమున తెలిసిన పనియే. కొత్తకట్టె తడియారకయే రంగు వేయుట, లోపలి తడిని బంధించుటయే యగును.

కుక్కగిన్నె సంగతి పూర్వులు ఎన్నడో తేల్చిరి. పాలు, పెరుగు ఉట్టిమీద పెట్టినను, అలమర కాళ్లక్రింద నీటిగిన్నెలు నుంచినను చీమను మందులేక నిలిపినవారు వారు. టామీ గిన్నెను వెడల్పాటి పళ్లెములోని నీటి నడుమ నుంచుట ఆ పద్ధతియే. దోమలు గ్రుడ్లు పెట్టకుండ ఆ నీరు ప్రతిదినము మార్చినచో చాలును. చెట్టు మొదటనున్న పుట్టను గూర్చి మాత్రము ఇంటివారితో నాకు వాదము కలదు: అది ఇంటిలోనికి రానంతవరకు దానికి సలసలకాగు నీరు పోయుట చెట్టు వేరును ఉడికించుటయే గాని వేరు లాభము లేదు.

చివరగా, ఏడాది హామీతో మందు కొట్టెదమని వచ్చు సంస్థలవారితో బేరమాడునప్పుడు కొన్ని ప్రశ్నలు వేయవలెను: ఏ మందు, దాని డబ్బాపై ఏ రంగు గుర్తు, ఇంటిలో పిల్లి యున్నదని వారికి తెలుసునా, చేపలతొట్టి మూసి గాలిమోటారు ఆపవలెనా, నేల ఆరువరకు జంతువులను ఎంతసేపు బయట నుంచవలెను? సమాధానము చెప్పలేనివానిని అరుగుమీదనే కాఫీ యిచ్చి పంపుట మేలు. మరియొక లెక్కయు కలదు. దీపావళి దాటి చలి ముదిరినకొలది గండుచీమలు తమంతట తామే జోరు తగ్గించును. ఆ తగ్గుదలను మందు ఖాతాలో వ్రాసికొనుటకు ఎవరైనను సిద్ధముగ నుందురు. కావున పైకమంతయు ఒక్కమారుగా చెల్లింపక, కొంత మరుసటి ఆరుద్ర కార్తె వానలు పడి, దర్వాజ పాదమును టార్చితో చూచినవరకు నిలిపియుంచవలెను.